ఆట కొన్నేళ్ళు, బ్రతుకు ఎన్నో ఏళ్ళు

పరగోడు చుట్టుపక్కల పల్లెల్లోనూ, బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తాలూకాల్లోనూ చదువుకుంటున్న మన పిల్లల్లో ఆటల్లో చురుకైనవారు చాలామంది ఉన్నారు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైన తరువాత "మా వాణ్ణి ఆటలోనే పెడితే ఏమి?" అని తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. ఆ ఆశ తప్పు కాదు. అయితే ఆటనే వృత్తిగా పెట్టుకుంటే అది ఎన్నాళ్ళు నిలుస్తుందో ముందే తెలిసి ఉండాలి.

బలరాం గారి జీవితం

తులసీదాస్ బలరాం 1936లో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టారు. హైదరాబాదు కోచ్ రహీం గారి శిక్షణలో ఎదిగి, ఇరవై ఏళ్ళకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత ఫుట్‌బాల్ జట్టులో చోటు సంపాదించారు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైన, పెరూపైన గోల్స్ చేశారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. అర్జున అవార్డు కూడా అదే ఏడాది వచ్చింది.

మరుసటి ఏడాది, 1963లో, ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 27. ఆయన 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. అంటే దేశం తరఫున ఆడింది సుమారు ఏడేళ్ళు, ఆట తరువాత బ్రతికింది అరవై ఏళ్ళు. ఈ లెక్కను ప్రతి క్రీడాకారుడి ఇంట్లోనూ వేసుకోవాలి. ఆట చివరి రోజుల్లో ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారారు. రైల్వే ఉద్యోగమే తరువాతి కాలంలో ఆధారమైంది.

ఆట త్వరగా ఎందుకు ముగుస్తుంది?

మొదటి కారణం దెబ్బలు. ఒకరినొకరు పట్టి పడవేసే ఆటల్లో మోకాలు, భుజం ముందుగా దెబ్బతింటాయి. 2022లో తమిళ్ తలైవాస్ జట్టు 2 కోట్ల 26 లక్షలకు తీసుకున్న పవన్ సెహ్రావత్, బెంగళూరులో మొదటి పోటీలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజనంతా ఆడలేకపోయారు. ఆయన కోలుకున్నారు. 2023లో తెలుగు టైటాన్స్ ఇంకా ఎక్కువ ధర పెట్టింది. అందరికీ అలా జరగదు. పేరు లేని కుర్రవాడికి దెబ్బ తగిలితే ఆ చోటులోకి మరొకరు వస్తారు.

రెండవది వయసు. ముప్పై దాటాక వేగం తగ్గుతుంది, దెబ్బలు త్వరగా మానవు. మూడవది ఒప్పందం. వేలంలో తీసుకున్న జట్టు తరువాత వదిలివేయవచ్చు.

ఇంగ్లండులో ఒక పాఠం

పదముగ్గురు ఆడే రగ్బీ లీగ్ పుట్టిందే కూలి గొడవలో. ఉత్తర ఇంగ్లండులో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవారు ఆట కోసం పని మానితే కూలి పోయేది. ఆ నష్టం చెల్లించడానికి పై సంఘం ఒప్పుకోలేదు. అందుకని 1895లో అక్కడి క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి. అయినా చాలాకాలం ఎక్కువమంది ఆటగాళ్ళు పని వదలలేదు. వారానికొకసారి ఆట, మిగిలిన రోజులు పని.

మన విద్యార్థులు చేయవలసినవి

1. ఎస్.ఎస్.ఎల్.సి., పి.యు.సి. మధ్యలో ఆపవద్దు. కేంద్ర ప్రభుత్వంలో, రైల్వేలో క్రీడాకారుల కోటా ఉద్యోగాలు ఉన్నాయి. కానీ ఆ ఉద్యోగానికి కావలసిన చదువు ఆటగాడికి కూడా ఉండి తీరాలి.

2. రాష్ట్రం తరఫున, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో, జాతీయ పాఠశాలల పోటీల్లో ఆడినప్పటి సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచుకోండి. కోటాలో అడిగేవి అవే. ఊరి టోర్నమెంటు కప్పు అక్కడ పనికిరాదు.

3. సంతకం పెట్టేముందు దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, ఆడని నెలలకు జీతం ఉందా అని అడగండి.

4. మొదటి పెద్ద మొత్తం వస్తే అప్పు తీర్చి, మిగిలినది బ్యాంకులో వేయండి. అదే మొత్తం మరుసటి ఏడాది కూడా వస్తుందని ఇల్లు మొదలుపెట్టవద్దు.

ఉదయం మైదానం, పగలు తరగతి, రాత్రి ఒక గంట పుస్తకం. ఇంతమాత్రం వీలు చూసుకుంటే ఆట ఎప్పుడు ఆగినా పిల్లవాడి బ్రతుకు ఆగదు.