వాహనానికీ నిదానం అవసరం

'నిదానం' అనే మాటకు తెలుగులో రెండు అర్థాలు ప్రసిద్ధాలు. తొందరపాటు లేకపోవడం ఒకటి. వైద్యశాస్త్రంలో రోగకారణాన్ని నిర్ణయించడం రెండవది. దారిలో ఆగిపోయిన కారు ముందు నిలిచినవారికి ఈ రెండూ కావలసినవే.

వాహన సంరక్షణ మనకు కొత్త విషయం కాదు. మహాభారతం ద్రోణపర్వంలో సైంధవుని వధించడానికి బయలుదేరిన అర్జునుని గుర్రాలు గాయాలతో, దాహంతో అలసిపోతాయి. అర్జునుడు బాణాలతో కొలను కల్పించగా, శ్రీకృష్ణుడు గుర్రాలను విప్పి, నాటుకొన్న బాణాలను తీసి, నీరు తాగించి సేదదీర్చాడు. సూర్యాస్తమయంలోగా ప్రతిజ్ఞ నెరవేరాలన్న తొందరలోనూ వారు ఆ పని మానలేదు.

అనంతపురం పీఠభూమిలో సంవత్సర వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ కారుకు తరచుగా కలిగే బాధ ఇంజను వేడెక్కడం. ఉష్ణోగ్రతను చూపే ముల్లు ఎర్రగీతను సమీపించగానే కారును పక్కకు ఆపి, ఇంజను కట్టివేయాలి. వెంటనే రేడియేటరు మూత తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండడంవల్ల 100 డిగ్రీలు దాటినా మరగదు; మూత తీయగానే ఒత్తిడి తగ్గి, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజను పూర్తిగా చల్లారాకనే నీటిమట్టం చూడాలి. నీరు తగ్గితే ఎక్కడో కారుతున్నదని, తగ్గకపోతే ఫ్యాను, థర్మోస్టాటు వంటివాటిలో లోపం ఉండవచ్చని ఊహించాలి. నీరు పోసినా మళ్లీ వేడెక్కితే ప్రయాణం కొనసాగించరాదు. కొనసాగిస్తే చిన్న గొట్టంతో పోయే ఖర్చు ఇంజను దాకా పాకుతుంది.

మరొక జాగ్రత్త. లోతైన బోరునీటిలో లవణాలు అధికం. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టినట్లే రేడియేటరు సన్నని గొట్టాలలోనూ కట్టి, వేడిని బయటకు పోనీయదు. ఆపదలో ఏ మంచినీరైనా పోయవచ్చు; ఊరు చేరాక దానిని తీసి, తగిన కూలెంటు పోయించాలి.

ఇంజను కదలకపోతే దీపాలు వెలిగించి చూడాలి. దీపాలు మసకబారితే బ్యాటరీ నీరసించి ఉండవచ్చు, లేదా దాని కొసలకు తెల్లని పొడి పట్టి ఉండవచ్చు. దీపాలు ప్రకాశంగా ఉండి ఇంజను తిరగకపోతే స్టార్టరును అనుమానించాలి. తిరిగినా అంటుకోకపోతే ఇంధనం అందుతున్నదా అని చూడాలి. దుమ్ము రేగే దారులలో తిరిగే కారుకు గాలి ఫిల్టరును తరచుగా శుభ్రం చేయించడం ఉత్తమం.

మెకానిక్కు దగ్గరకు వెళ్లినప్పుడు రోగి వైద్యునికి లక్షణాలు చెప్పినట్లు చెప్పాలి. 'ఫలానా భాగం మార్చండి' అనడం కన్నా, 'గుట్ట ఎక్కేటప్పుడు ఈ శబ్దం వస్తున్నది' అనడం మేలు. పనికి ముందే అంచనా అడగాలి. మార్చిన పాత భాగాన్ని, బిల్లును తీసుకోవాలి. ఆయనను పక్కన కూర్చోబెట్టుకొని కారు నడిపి చూడాలి. ఇది అవిశ్వాసం కాదు. లెక్క స్పష్టంగా ఉన్నచోటే నమ్మకం నిలుస్తుంది. శబ్దం విని లోపం పట్టగల పనివాని అనుభవం కూడా గౌరవింపదగిన విద్యయే.

పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారంలో 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభమైంది. ఇటువంటి నేటి కార్లలో కంప్యూటరు తానే లోపాల సంకేతాలను నమోదు చేస్తుంది. అయితే సంకేతం దారి చూపుతుందే కాని తీర్పు చెప్పదు. సెన్సారు చెడినదని తోచినచోట తెగిన తీగ మాత్రమే కారణం కావచ్చు. కనుక పరీక్షించి చూపమని అడగడం యజమాని హక్కు.

డబ్బు తీసుకొని సరిగా చేయని మరమ్మతు చట్టం దృష్టిలో సేవాలోపం. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. అప్పుడు బిల్లే ప్రధాన సాక్ష్యం.

వాన కురవక, పంట చేతికి రాక, బాడుగ కారునే నమ్ముకొన్న కుటుంబానికి అది ఒక్కరోజు ఆగినా ఆ రోజు కూలి పోయినట్లే. అనవసరంగా మార్చిన ప్రతి భాగమూ ఆ ఇంటి బియ్యం నుండి తరిగినదే. కాబట్టి యంత్రం మాట వినడం, పనివానితో మర్యాదగా, స్పష్టంగా మాట్లాడడం చదువుకొన్న ప్రతివారూ అలవరచుకోవలసిన జీవన నైపుణ్యాలు.