మెయిల్‌లో వచ్చింది పీడీఎఫ్ కాకపోవచ్చు! ఇంటి పీసీని వైరస్‌ల నుంచి ఇలా కాపాడుకోండి

కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత, డిస్‌ప్లే ఎన్ని హెర్ట్జ్ అని పది రివ్యూలు చూస్తాం. తీరా ఇంటికి తెచ్చాక విండోస్‌లో మార్చాల్సిన ఒక చిన్న సెట్టింగ్‌ని మాత్రం పట్టించుకోం. ఈమెయిల్ వైరస్‌లు పాతికేళ్లుగా వాడుకుంటున్నది ఆ సెట్టింగ్‌నే.

2000 మే 4న ఏం జరిగిందో చూడండి. ‘ఐ లవ్ యూ’ అనే సబ్జెక్ట్‌తో ప్రపంచమంతా మెయిల్స్ వెళ్లాయి. అటాచ్‌మెంట్ చూస్తే లవ్ లెటర్, పేరు చివర డాట్ టీఎక్స్‌టీ. టెక్స్ట్ ఫైలే కదా, ఏమవుతుందిలే అని జనం డబుల్ క్లిక్ చేశారు. నిజానికి ఆ పేరు అక్కడితో అయిపోలేదు. దాని తర్వాత డాట్ వీబీఎస్ కూడా ఉంది. అంటే అది ఉత్తరం కాదు, స్క్రిప్ట్. విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచేస్తుంది కాబట్టి ఆ చివరి ముక్క చాలామందికి కనబడలేదు. క్లిక్ చేయగానే పీసీలో ఉన్న జేపీజీ ఫొటోలను చెరిపేసి వాటి చోట తన కోడ్ పెట్టింది, ఔట్‌లుక్ అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనను తానే పంపుకుంది. రాసింది మనీలాకి చెందిన ఒనెల్ డి గుజ్మన్ అనే కుర్రాడు. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో వైరస్ రాస్తే శిక్షించే చట్టమే లేదు, అందుకే కేసు నిలవలేదు.

పాత కథే కదా అనుకోకండి. విండోస్ 11లో కూడా ఎక్స్‌టెన్షన్లు డీఫాల్ట్‌గా దాగే ఉంటాయి. ‘ఆఫర్ లెటర్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ’ అనే ఫైల్ మీకు ‘ఆఫర్ లెటర్ డాట్ పీడీఎఫ్’ అనే కనబడుతుంది. ఐకాన్ కూడా అచ్చం పీడీఎఫ్‌దే పెడతారు. ఇన్నేళ్లయినా దీన్ని ఇలాగే ఎందుకు ఉంచారో మైక్రోసాఫ్ట్‌కే తెలియాలి.

కాబట్టి ఇప్పుడే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి. పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. పది సెకన్ల పని. ఇకపై ప్రతి ఫైల్ తన అసలు పేరుతోనే కనబడుతుంది. ఒక్క షార్ట్‌కట్ ఫైళ్లు మాత్రం ఈ సెట్టింగ్‌కి కూడా లొంగవు. డాట్ ఎల్‌ఎన్‌కే అనే వాటి తోక ఎప్పుడూ కనబడదు. ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తు ఉంటే అది షార్ట్‌కట్ అన్నమాట. మెయిల్‌లో ఎవరైనా షార్ట్‌కట్ ఎందుకు పంపుతారు? డిలీట్ చేసేయండి.

ఇంకో చిట్కా మా ఫేవరెట్. డాట్ జేఎస్, డాట్ వీబీఎస్ ఫైళ్లను నోట్‌ప్యాడ్‌తోనే తెరిచేలా ‘ఓపెన్ విత్’లో సెట్ చేయండి. పొరపాటున డబుల్ క్లిక్ చేసినా కోడ్ అక్షరాలుగా తెరుచుకుంటుంది, రన్ అవ్వదు.

ఒరిజినల్ విండోస్ వాడుతున్నాం, టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా పెట్టాం, మాకేం భయం అంటారా? 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ చానెల్‌కి ఏమైందో గుర్తుండే ఉంటుంది. కోటిన్నర మంది సబ్‌స్క్రైబర్లు ఉన్న టెక్ చానెల్ అది. స్పాన్సర్‌షిప్ ఆఫర్ అని మెయిల్ వచ్చింది. టీమ్‌లో ఒకరు అందులోని పీడీఎఫ్ లాంటి ఫైల్ తెరిచారు. కాసేపట్లో చానెల్‌లో క్రిప్టో మోసాల లైవ్ స్ట్రీమ్‌లు మొదలయ్యాయి. దొంగలకు పాస్‌వర్డ్ అవసరం పడలేదు, ఓటీపీ అడగలేదు. బ్రౌజర్‌లో దాచి ఉన్న సెషన్ టోకెన్లు ఎత్తుకెళ్లారు. ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్ చూసి చేతికి బ్యాండ్ కడతారు కదా, టోకెన్ అలాంటిది. అది చేతికి ఉంటే లోపల ఎవరూ మళ్లీ టికెట్ అడగరు.

ఐ లవ్ యూ వైరస్‌కీ ఇప్పటి వాటికీ తేడా ఇక్కడే. అప్పుడు ఫొటోలు పోయాయని వెంటనే తెలిసేది. ఇప్పుడు స్క్రీన్ మీద ఏ మార్పూ ఉండదు. ఫైల్ ఓపెన్ కావట్లేదేంటి అని మీరు ఇంకో రెండుసార్లు క్లిక్ చేసేలోపు జీమెయిల్, ఇన్‌స్టా, డిస్కార్డ్ లాగిన్లన్నీ వెళ్లిపోతాయి.

ఇప్పుడు జీమెయిల్ లాంటి వాటిలో మెయిల్ చదివినంత మాత్రాన పీసీకి వైరస్ అంటుకోవడం దాదాపు లేదు. ప్రమాదమంతా ఫైల్ డౌన్‌లోడ్ చేసి తెరవడంలోనే. అందుకే అనుమానం ఉన్న అటాచ్‌మెంట్‌ని జీమెయిల్ ప్రివ్యూలోనే చూడండి. పీసీలోకి దించొద్దు. జీమెయిల్ డాట్ ఈఎక్స్‌ఈ, డాట్ జేఎస్ లాంటి ఫైళ్లను ఎలాగూ ఆపేస్తుంది, మామూలు జిప్‌లో పెట్టినా సరే. ఆ సంగతి తెలిసే మోసగాళ్లు డ్రైవ్ లింక్ ఇస్తారు, లేదా జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టి ఆ పాస్‌వర్డ్‌ని అదే మెయిల్‌లో రాస్తారు. ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు! పాస్‌వర్డ్ ఉంటే స్కానర్ లోపలికి చూడలేదు, వాళ్లకి కావాల్సింది అదే. సైజు కూడా చూడండి. కొన్ని వైరస్ ఫైళ్లను స్కానర్లు వదిలేయాలని కావాలనే వందల ఎంబీకి ఉబ్బిస్తారు. ఒక పేజీ ఆఫర్ లెటర్ 600 ఎంబీ ఎందుకుంటుంది చెప్పండి?

వర్డ్, ఎక్సెల్ ఫైళ్ల బెడద కాస్త తగ్గింది. 2022 నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను మైక్రోసాఫ్ట్ డీఫాల్ట్‌గా ఆపేస్తోంది. దాన్ని మీ చేత్తో మీరే ఆన్ చేయకుండా ఉంటే చాలు.

డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా అంటే, ఇంటి పీసీకి అవసరం లేదని మా అభిప్రాయం. విండోస్ డిఫెండర్ చాలు, కాకపోతే అప్‌డేట్లు ఆపకండి. (క్రాక్ చేసిన యాంటీవైరస్ వేసుకునేవాళ్లకి దండం.) విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంకా దాని మీదే ఉంటే ముందు ఆ సంగతి చూసుకోండి.

ఒకే పీసీని ఇంట్లో అందరూ వాడుతుంటే అమ్మకి, నాన్నకి, తమ్ముడికి తలా ఒక స్టాండర్డ్ అకౌంట్ చేయండి. అడ్మిన్ అకౌంట్ వేరుగా ఉంచండి. అప్పుడు తమ్ముడు గేమ్ మోడ్ అనుకుని ఏదో నొక్కినా, నాన్న అకౌంట్‌లోని బ్యాంక్ లాగిన్ల దాకా పోవడం అంత తేలిక కాదు. ఫొటోల బ్యాకప్ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో తీసుకుంటే, పని అవగానే కేబుల్ పీకేయండి. పీసీకి తగిలించి ఉన్న డిస్క్‌ని కూడా ర్యాన్సమ్‌వేర్ లాక్ చేసేస్తుంది.

ఇప్పటికే క్లిక్ చేసేశారా? ముందు వైఫై ఆపండి. ఆ పీసీలో పాస్‌వర్డ్‌లు మార్చొద్దు, కొత్తవి కూడా దొంగలకే చేరతాయి. ఫోన్ తీసుకుని గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ, యువర్ డివైసెస్‌లోకి వెళ్లి ఆ పీసీని సైన్ అవుట్ చేయండి, తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. ఇన్‌స్టా, టెలిగ్రామ్, డిస్కార్డ్‌లోనూ అంతే. ఆ తర్వాతే పీసీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. అయినా అనుమానంగా ఉంటే విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలు. బ్యాంక్ అకౌంట్‌లో డబ్బు కదిలినట్టు కనిపిస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే 1930కి కాల్ చేయండి.