‘రన్’ అను క్రియాపదము – దాని నానార్థములు

తెలుగు బోధించు మేము ఇంగ్లీషు క్రియను గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. దీనికి కారణము మా తరగతిలో జరిగిన యొక చిన్న సంఘటన. అనువాదాభ్యాసము చేయించుచు ‘మా నాన్నగారు కిరాణా దుకాణం నడుపుతున్నారు’ అను వాక్యమును ఇంగ్లీషులో చెప్పుమంటిమి. ఒక విద్యార్థి లేచి ‘మై ఫాదర్ ఈజ్ వాకింగ్ ఎ కిరాణా షాప్’ అన్నాడు. తరగతి యంతయు ఘొల్లుమన్నది. మేమును నవ్వితిమి. ఆ సంవత్సరాంతము వరకు ఆ బాలుడు మరల ఇంగ్లీషులో నోరు విప్పలేదు.

అతడు చెప్పినది తప్పే. కాని తెలివిలేని తప్పు కాదు. తెలుగున దుకాణమును నడుపుదురు. ఉర్దూలో ‘దుకాన్ చలాతే హైఁ’ అందురు. మన రెండు భాషలలోను దుకాణము నెమ్మదిగా నడచుచునే యున్నది. ఇంగ్లీషువాడు మాత్రము దానిని పరుగెత్తించుచున్నాడు. ‘రన్’ అనగా పరుగెత్తుట యని మాత్రమే నేర్చుకొన్న బాలునికి, కదలని దుకాణమునకు ఆ మాట ఎట్లు తోచును?

ఈ చిన్న పదము నిఘంటుకారులనే ముప్పుతిప్పలు పెట్టినది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మొదటి కూర్పు 1928లో పూర్తి యైనపుడు అందలి దీర్ఘమైన వివరణ ‘సెట్’ అను పదమునకు దక్కినది. మూడవ కూర్పునకై జరుగుచున్న సంస్కరణములో ‘రన్’ దానిని మించిపోయినది. క్రియగానే దానికి 645 అర్థములు తేలినవని 2011లో వెల్లడియైనది. పీటర్ గిల్లివర్ అను సంపాదకునికి ఈ యొక్క పదముతోనే తొమ్మిది నెలలు గడచినవట!

విద్యార్థులు భయపడ నక్కరలేదు. ఈ అర్థములలో పెక్కింటికి మూలమైన భావమొకటి కలదు. అది ఆగక సాగుట. నది యాగక సాగును గనుక ‘ది రివర్ రన్స్’. జలుబు చేసినవాని ముక్కును అంతే. యంత్రము, బస్సు, అద్దె ఒప్పందము, అన్నియు రన్ అగును. మనము ఒక్కొక్క దానికి ఒక్కొక్క క్రియను వాడుదుము. నది పారును, ముక్కు కారును, ఉతికిన బట్ట రంగు దిగును. సినిమా నూరు రోజులు ఆడును. అదే సినిమా ఉర్దూలో ‘సౌ దిన్ చలీ’. ఇచట తెలుగు వేరుదారి పట్టగా, ఉర్దూ ఇంగ్లీషునకు చేరువయైనది.

ఎన్నికల మాట మరియు వినోదకరము. అమెరికాలో అధ్యక్ష పదవికి ‘రన్’ అగుదురు. బ్రిటనులో పార్లమెంటునకు ‘స్టాండ్’ అగుదురు. మనవారును నిలబడుదురు, ఉర్దూలోను ‘ఖడే హోతే హైఁ’. గెలిచిన పిదప ఎవరెంత పరుగెత్తుదురో అది వేరు విషయము.

చిక్కంతయు ‘రన్’ ప్రక్కన చిన్న మాట చేరినపుడు కలుగును. ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ షుగర్’ అనగా చక్కెర నిండుకొన్నదని. క్రికెట్టులోని రనౌట్‌తో దీనికి పొత్తు లేదు. ‘రన్ ఇన్‌టు’ అను దానికి తరువాతి పదమే దిక్కు: అది మిత్రుడైనచో తారసపడుట, గోడయైనచో ఢీకొనుట, అప్పైనచో అప్పుల పాలగుట. ‘రన్ ఓవర్’ మరింత జాగ్రత్త కోరును. పరీక్షకు ముందు విద్యార్థి నోట్సుపై చేయునది, లారీ త్రోవన పోవు కుక్కపై చేయునది, రెండును అదే మాట. కావున నిఘంటువు తెరచి మొదటి అర్థముతో మూసివేయరాదు. కర్త యెవరు, కర్మ యేది, ప్రక్కనున్న మాట యేది, ఈ మూడును చూచిన పిదపనే అర్థము నిశ్చయింపవలెను.

ఇంగ్లీషువాడు మన ‘చల్‌నా’ నేర్వబోయిన అతని గతియు నిట్టిదే. గాలి చలే, తుపాకి గుండు చలే. ‘యే నోట్ నహీఁ చలేగా’ అన్నచో అతడు నోటునకు కాళ్ళు వెదకును. మనము మాత్రము ఆ నోటు చెల్లదని తెలుగున గ్రహింతుము.

ఇప్పుడు మేము ఆ దుకాణపు వాక్యమును అనువాదమునకు ఇచ్చుటకు ముందే మూడు భాషల వాక్యములను బోర్డుపై ఒకదాని క్రింద నొకటి వ్రాయుచున్నాము. మొదట ఎవరు ‘వాకింగ్’ అన్నను, అది ఎందుకు తోచినదో వారినే అడిగి చెప్పించుచున్నాము.