మా ఊరి వడ్ల గిర్ని: పాత ఇనుమా, దాచుకోవాల్సిన చరిత్రా?

పోయిన సంక్రాంతి సెలవులకు గరిడేపల్లి పోయినప్పుడు మా వీధి చివరి వడ్ల గిర్ని తలుపులు తీసి ఉన్నాయి. చాలా ఏండ్లుగా మూతపడ్డ గిర్ని అది. మళ్లీ నడుపుతున్నారేమో అనుకుని లోపలికి పోయా. పాత సామాన్లు కొనేటాయన ఇంజను చుట్టూ తిరుగుతూ బరువు అంచనా వేస్తున్నాడు. మొత్తం కిలోల లెక్కన అమ్మేస్తున్నారు.

నేను మెకానికల్ మూడో సంవత్సరం. లైన్ షాఫ్ట్, బెల్ట్ డ్రైవ్ గురించి పరీక్షల్లో పేజీలు పేజీలు రాసినోణ్ణి. అసలు లైన్ షాఫ్ట్ మా ఇంటికి నాలుగు అడుగుల దూరంలోనే ఉందని ఆ రోజే తెలిసింది. సిగ్గేసింది. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చిందే.

గిర్ని కూడా వారసత్వమేనా?

వారసత్వం అనగానే మనకు గుడి, కోట, శాసనం గుర్తొస్తాయి. కానీ 2003లో రష్యాలోని నిజ్నీ తగిల్ పట్టణంలో పారిశ్రామిక వారసత్వ సంరక్షణ కోసం ఒక అంతర్జాతీయ ప్రకటన ఆమోదించారు. మిల్లులు, గనులు, యంత్రాలు, గోదాములు, రవాణా మార్గాలు, కార్మికులు బతికిన చోట్లు, ఇవన్నీ వారసత్వమే అని దాని సారాంశం.

ఆ లెక్కన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ ఉన్న మా ప్రాంతానికి పెద్ద చరిత్రే ఉంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. కాలువ నీళ్లతో వరి పెరిగింది. వరి పెరిగితే గిర్నీలు పెరగక తప్పదు. మిర్యాలగూడ ఇయ్యాల రైసు మిల్లుల పట్నం అయిందంటే దాని వెనక ఉన్నది ఆ నీళ్లే.

ఇంకో సంగతి. సాగర్ నీళ్లలో మునిగిపోయే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించి మళ్లీ నిలబెట్టారు. అంటే పోయేదాన్ని పోకముందే కాపాడుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు.

హల్లర్ ఎట్ల పనిచేస్తుంది?

మా గిర్నిలో ఉన్నది ఎంగెల్‌బర్గ్ రకం హల్లర్. బ్రెజిల్‌కు చెందిన ఎవారిస్టో కొన్రాడో ఎంగెల్‌బర్గ్ 1880లలో తయారుచేసిన యంత్రం నుంచి వచ్చిన రకం ఇది. చూడ్డానికి చాలా సింపుల్. పైన తొట్టి, లోపల గాళ్లు ఉన్న ఇనుప రోలరు, కింద సన్నని చీలికల జల్లెడ, పక్కన ఒక బ్లేడు. రోలరు తిరుగుతుంటే వడ్లు ఒక చివర నుంచి రెండో చివరకు పోతూ ఒకదానికొకటి, ఇనుముకు రాసుకుంటాయి. పొట్టు, తవుడు ఒకేసారి ఊడి జల్లెడలోంచి కింద పడతాయి. బియ్యం చివర నుంచి బయటికొస్తాయి. బ్లేడును ఎంత దగ్గరికి జరపాలి, బయటి గేటు ఎంత తెరవాలి అన్నదే నడిపేటాయన పనితనం. ఎక్కువ బిగిస్తే నూకలు, తక్కువ బిగిస్తే మెరిగెలు.

ఇందులో లోపం కూడా అక్కడే ఉంది. పొట్టు తీయడం, పాలిష్ చేయడం రెండూ ఒకేచోట జరగడంతో గింజ బాగా విరుగుతుంది. ఈ రకం హల్లర్‌లో క్వింటా వడ్లకు వచ్చే బియ్యం సుమారు 53 నుంచి 55 కిలోలే. ఇప్పుడు ప్రభుత్వానికి మరపట్టి ఇచ్చే మిల్లర్లు క్వింటాకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పజెప్పాలి. కొత్త మిల్లుల్లో వేర్వేరు వేగాలతో తిరిగే రెండు రబ్బరు రోలర్లు ముందు పొట్టు మాత్రమే తీస్తాయి, పాలిష్ తర్వాత వేరే యంత్రంలో జరుగుతుంది. ఊక బాయిలర్‌కు, తవుడు నూనెకు పోతుంది. పాత గిర్ని ఎందుకు ఓడిపోయిందో ఈ లెక్కలే చెప్తాయి.

మేం చేసింది

గిర్ని యజమాని మాకు పెద్దనాయన వరస. వారం రోజులు ఆగమని బతిమాలుకున్నాం. నలుగురం ఫ్రెండ్స్ కలిసి గదిని, షాఫ్టును, పుల్లీలను కొలిచి డ్రాయింగులు గీశాం. పుల్లీల వ్యాసాలను బట్టి ఏ యంత్రం ఎంత వేగంతో తిరిగేదో లెక్కగట్టాం. ప్రతి భాగానికీ ఫొటో తీసి, ఊళ్లో దాన్ని ఏమని పిలిచేవాళ్లో రాసుకున్నాం.

తర్వాత ఒకప్పుడు ఇంజను నడిపిన తాత దగ్గరికి పోయాం. మేం పెద్ద ఘనకార్యం చేస్తున్నట్టు చెప్తుంటే ఆయన కుడిచెయ్యి చూపించిండు. రెండు వేళ్లు లేవు.

"బెల్టుల పోయినయి బిడ్డా. నా వేళ్లు దిన్నదాన్ని దాచిపెట్టి దండేస్తరా?"

మాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. పాతదంతా మంచిది కాదు. ఆ బెల్టుకు గార్డు లేదు, ఆయనకు నష్టపరిహారం రాలేదు. ఈ సంగతి వదిలేసి యంత్రాన్ని మాత్రం తుడిచి పెడితే మేం దాస్తున్నది అబద్ధం. తెల్లారి మళ్లీ పోయి ఇదే మాట చెప్పినం. అప్పుడాయన కూర్చోమన్నడు. రెండు గంటలు రికార్డు చేసుకున్నాం. తవుడు చెరిగిన ఆడవాళ్ల కూలి, కోతల టైంలో రాత్రంతా నడిచిన ఇంజను, బేరింగు పాడైతే సప్పుడు ఎట్ల మారేదో నోటితో చేసి మరీ చూపించిండు.

మిగిలింది ఏంది?

ఇంజను పోయింది. ఆపలేకపోయాం. హల్లర్, ఒక పుల్లీ, షాఫ్టు ముక్క మాత్రం పెద్దనాయన ఉంచేసిండు. వాటిని స్కూల్లో పెట్టడానికి మాట్లాడుతున్నాం.

ఇట్లాంటి పనికి మన దగ్గర దారులు ఉన్నాయి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. హైదరాబాద్ సైఫాబాద్ టంకశాల 2022లో మ్యూజియంగా తెరుచుకుంది. మరోవైపు 1934లో వరంగల్‌లో మొదలైన ఆజం జాహి మిల్లు మూతపడ్డాక చాలావరకు నేలమట్టమైంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో పలకరాయి మోసిన టాలిలిన్ అనే చిన్న రైలును 1951 నుంచి వాలంటీర్లే నడుపుతున్నారు. వాళ్లలో చాలామందికి అది ఉద్యోగం కాదు, ఇష్టం.

మీ ఊళ్లో కూడా మూతపడ్డ గిర్నో, గానుగో, జిన్నింగ్ మిల్లో, సున్నపు బట్టీయో ఉండే ఉంటుంది. ఈసారి సెలవులకు పోయినప్పుడు టేపు, ఫోను పట్టుకుపోండి. యజమాని అనుమతి అడగండి. కరెంటు, తుప్పు, పాత కప్పుతో జాగ్రత్త. కొలవండి, గీయండి. యంత్రం కంటే ముందు మనుషుల దగ్గరికి పోండి. ఇనుము ఇంకో పదేండ్లు తుప్పు పట్టుకుంటూనైనా ఉంటది. ఆ ఇంజను సప్పుడు నోటితో చేసి చూపించే తాత అన్నాళ్లు ఉంటడని చెప్పలేం.