డాక్టరుగారు ఈ పూట ఉంటారా?

ఆసుపత్రి గోడకు ఓ బోర్డు. గుండె డాక్టరు నెలకు రెండు ఆదివారాలు, నరాల డాక్టరు ఒక శనివారం, చర్మం డాక్టరు వారానికో సాయంత్రం... జంగారెడ్డిగూడెం లాంటి ఊళ్లలో జనానికిది అలవాటే. ఏలూరు నుంచో రాజమండ్రి నుంచో వచ్చి, పొద్దుపోయేదాకా ఓపీ చూసి వెళ్లిపోయే ఆ పెద్ద డాక్టర్లంతా నిజానికి పార్ట్‌టైమర్లే. కాకపోతే ఎవరూ అలా పిలవరు. 'విజిటింగ్' అంటారు. పేరు మారితే మర్యాదా మారుతుంది మరి!

అదే ఊళ్లో కాపురముండే లేడీ డాక్టరు 'బాబు చిన్నవాడండీ, పొద్దున ఓపీ మాత్రం చూస్తాను' అంటే మేనేజర్ ఆలోచనలో పడతాడు. సగం పూట వచ్చే మనిషి పేషెంట్లను పట్టించుకుంటుందా? రాత్రి పిలిస్తే వస్తుందా?

ఆ భయం ఉత్తదేమీ కాదు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు గిరిజన గూడేల నుంచి ఏ రాత్రి రెండింటికో కాన్పు కేసు వచ్చిందనుకోండి. బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఉంది. మత్తు డాక్టరు? చిన్న ఊళ్లలో ఆయన ఏ ఒక్క ఆసుపత్రికీ చెందడు. కేసుకింత అని నాలుగైదు చోట్ల తిరుగుతుంటాడు. ఫోనెత్తాడా, సరే. ఎత్తలేదా, ఏలూరుకు పరుగే. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కూడా నిపుణులు దొరకని ప్రభుత్వాసుపత్రులకు ఇలా కేసుకింత చొప్పున ప్రైవేటు డాక్టర్లను పిలిపించుకునే వీలిచ్చింది. అంటే, అన్నిటికన్నా ప్రాణం మీదికొచ్చే పనిని పార్ట్‌టైమ్‌కి అప్పగించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. పొద్దుటి జ్వరాల ఓపీ దగ్గరే వస్తుంది పేచీ!

బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో శిక్షణలో ఉన్న డాక్టర్లు వారంలో కొన్ని రోజులే పనిచేస్తామని అడగొచ్చు. శిక్షణ కాలం ఆ మేరకు పెరుగుతుంది. ఒక్కో పోస్టును ఇద్దరు పంచుకోవడమూ ఉంది. మిగిలిన పూటలు ఎవరితో నింపాలన్నది అక్కడి మేనేజర్లకూ తలనొప్పే. డ్యూటీ మారేటప్పుడు ఏ పేషెంటు సంగతి ఏమిటో ఒకరికొకరు ఒప్పజెప్పడం పక్కాగా సాగితేనే ఆ బండి నడుస్తుంది.

మన దగ్గర 2017లో సవరించిన చట్టం 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. ఆ తర్వాత, వీలయ్యే పనైతే, ఇంటి నుంచే చేసుకోవచ్చంది. కాన్పులు ఇంటి నుంచి చేయలేరుగా!

మేనేజర్ లెక్కలో రాని ఖర్చు ఒకటుంది. రాత్రంతా మేలుకున్న డాక్టరమ్మ మర్నాడు పదింటికి ఎర్రబడ్డ కళ్లతో ఓపీలో కూర్చుంటుంది. బయట బెంచీ నిండా జనం. ఆ పూట తాను చూస్తానన్న మరో డాక్టరమ్మ ఇల్లు రెండు వీధుల అవతలే.