శవపేటికపై తెల్లటి ఏప్రన్

ఫ్రీమేసన్లు అనే సోదర సంఘ సభ్యుల అంత్యక్రియలు మతాన్ని పక్కకు నెట్టే రహస్య తంతు అని కొందరి అనుమానం. 1799 డిసెంబరు 18న మౌంట్ వెర్నన్‌లో ఫ్రీమేసన్ అయిన జార్జ్ వాషింగ్టన్‌కు జరిగిన అంత్యక్రియలు చూస్తే అది నిలవదు. ముందు చర్చి మతగురువు ప్రార్థన చదివారు. తర్వాతే అలెగ్జాండ్రియా లాడ్జి (ఫ్రీమేసన్ల స్థానిక శాఖ) సభ్యులు అందరి ఎదుటా తమ క్రతువు జరిపారు.

పేటికపై ఉంచే ఏప్రన్ రాతిపని మేస్త్రీలు కట్టుకున్న తోలు ఏప్రన్ నుంచి వచ్చింది. సభ్యుడిగా చేరిన రోజు ఇచ్చిన తెల్లటి గొర్రెపిల్ల తోలు ఏప్రన్‌నే అమెరికాలో చాలా లాడ్జీలు అతనితో పాటు సమాధి చేస్తాయి. ఆత్మకు చావు లేదన్న నమ్మకంతో పచ్చని రెమ్మ వేస్తాయి. హోదా కాక పనివాడి గుర్తు వెంట వెళ్లడం నిజంగా గొప్ప విషయం. మరి ఈ సమానత్వం అందరికీ అందిందా? లేదు. బోస్టన్‌లో తెల్లవారి లాడ్జీలు నల్లజాతివారిని దూరం పెట్టాయి. నల్లజాతివాడైన ప్రిన్స్ హాల్ బృందం ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జిని ఆశ్రయించి, 1784 నాటి అనుమతిపత్రంతో సొంత లాడ్జి నిలబెట్టుకుంది. ఏప్రన్ అర్థానికి ఎక్కువ న్యాయం చేసింది వాళ్లే.