బిక్కేరును కొలుద్దాం పదండి

బిడ్డా, తొమ్మిదో తరగతి సోషల్ పుస్తకం కాసేపు మూసెయ్. కొలతల టేపు, మూడు గాజు సీసాలు, చిన్న గునపం, సెకన్ల ముల్లున్న గడియారం, ఒక కమలాపండు సంచిలో వేసుకో. దోస్తులను పిలువు, సారును కూడా అడుగు. ఈ ఆదివారం ఫణిగిరికి పోదాం. మన తిరుమలగిరికి ఎంతో దూరం లేదు.

ముందు గుట్ట ఎక్కుదాం. పాము పడగలా ఉంటుందనే దానికి ఆ పేరు. పైన బౌద్ధ స్తూపం, విహారాలు ఉన్నాయి. 2024లో అక్కడి తవ్వకాల్లో ఒక కుండ నిండా 3,730 సీసపు నాణేలు దొరికాయి. అందుకే గుట్ట మీద గునపం ఆనించొద్దు, పెంకు ముక్క కూడా జేబులో వేసుకోవద్దు. ఏ వస్తువు ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని కాలం తెలుస్తుంది. కదిలించామా, ఆ లెక్క పోయినట్టే.

పైనుంచి కిందికి చూడు. వాలు మీద ఎర్ర చెలక, దాని కింద చెరువు, మడులు, ఇంకా అవతల బిక్కేరు వాగు. మన కాళ్ల కింది రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు జాతిది. ఎండకూ వానకూ అది విడిపోతుంటే పలుగురాయి రవ్వలు ఇసుకగా మిగులుతాయి, తక్కిన ఖనిజాలు మెత్తబడి బంకమట్టి అవుతాయి. రాయిలోని ఇనుము తుప్పు పట్టి చెలకకు ఎరుపు ఇస్తుంది. వాన బరువైన ఇసుకను పైనే వదిలి, మెత్తటి మట్టిని పల్లానికి మోస్తుంది. నా చిన్నప్పుడు చెలకలో కంది, ఆముదం వేసేవాళ్లు, పల్లంలో వరి. కాలువ నీళ్లు వచ్చాక వరి వాలెక్కింది.

నమ్మకపోతే సీసాలతో చూద్దాం. రైతును అడిగి చెలకలో, చెరువు కింది మడిలో, వాగు ఒడ్డున పిడికెడేసి మట్టి తీసుకో. ఒక్కో సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి గట్టిగా గిలకొట్టు. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది. దాని మీద ఒండ్రు. బంకమట్టి తేరుకోవడానికి ఒక రోజు పైనే పడుతుంది. నీళ్లు తేటపడ్డాక స్కేలు పెట్టి పొరల మందం రాసుకో.   

ఇక వాగు. నీళ్లు మోకాలు దాటితే దిగొద్దు, సారు పక్కన లేకుండా అసలే దిగొద్దు. ఒడ్డున 10 మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతండి. కమలాపండును తొక్కతోనే పై కర్రకు కాస్త ఎగువన వదలండి. అది సగానికి పైగా మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని అంతగా నెట్టలేదు. మూడుసార్లు వదిలి సగటు తీయాలి. 20 సెకన్లు పట్టిందనుకో, వేగం సెకనుకు అర మీటరు. వాగు వెడల్పు 4 మీటర్లు, అక్కడక్కడా కర్ర ముంచి చూసిన లోతు సగటున పావు మీటరు అనుకో. గుణిస్తే సెకనుకు అర ఘనపు మీటరు. అయితే అడుగున రాళ్లూ ఇసుకా నీటిని పట్టి ఆపుతాయి, లోపలి ధార పైదానంత వేగంగా పోదు. అందుకని 0.85తో గుణించాలి. వచ్చేది సెకనుకు 425 లీటర్లు! 5,000 లీటర్ల ట్యాంకరు 12 సెకన్లలో నిండుతుంది. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను మళ్లీ ఒకసారి వాగు వైపు తిరిగి చూశాను.

ఆ నీళ్లు మూసీలో కలుస్తాయి. మూసీ మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో. అంటే మన వాన కృష్ణమ్మదే. మరి శ్రీరామసాగర్ రెండో దశ కాలువలో మన వైపు వచ్చేవి గోదావరి నీళ్లు. అవి మడిలో పారి, మిగిలినవి వాగుకు జారితే ఎటు పోతున్నట్టు? మ్యాపు పరిచి నువ్వే వేలు పెట్టి చూపించు.

బడి నుంచి నాగార్జునసాగర్ టూరు ఉంటే తప్పకుండా పోండి. దానికంటే ముందు ఈ వాగుకు రండి. కొలిచిన చోట ఒక రాయికి సున్నం గుర్తు పెట్టి, తేదీ రాసుకోండి. సంక్రాంతి సెలవుల్లో అక్కడే మళ్లీ పండు వదులుదాం.